చిప్పులు లెక్కపెట్టాలా, డబ్బులు లెక్కపెట్టాలా?

నరసరావుపేట 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా కేంద్రమైంది. కలెక్టరేట్ వచ్చింది, స్థలాల ధరలు పెరిగాయి. పాత కంప్యూటర్లు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. శుభలేఖలు కంపోజ్ చేసే డీటీపీ సెంటర్లలో, పత్తి మిల్లు గేటు పక్కన కాటా గదుల్లో, జిరాక్స్ కొట్టు మూలల్లో ఇంకా పనిచేస్తూనే ఉన్నాయి. వాటికి ప్రాణం పోసే మెకానిక్ ఒకడు మామ. గుంటూరులో కొత్త ల్యాప్‌టాపులు అమ్మే కొట్టులో పనిచేసే మేనల్లుడు అల్లుడు. పేర్లతో మనకు పనిలేదు. మామ బల్ల మీద మూడు సిస్టమ్‌లు విప్పి ఉన్నాయి. మూడింటి ఓనర్లదీ ఒకటే కోరిక: ర్యామ్ పెంచాలి.

అల్లుడు: ఈ మూడు డబ్బాల్నీ కలిపి పాత సామాన్ల బండివాడికేస్తే ఎంతొస్తుందో అదే వీటి ఖరీదు మామయ్యా. వీటికి మళ్లీ ర్యామ్ కొనటమేంది?

మామ: బండివాడికేసేది నువ్వు. వాడి గోతంలోంచి ర్యాములు ఏరుకొచ్చేది నేను. నువ్వు పారేసినవే ఇక్కడికొచ్చి పనిచేస్తన్నయ్. ముందు ఈ మొదటిది చూడు. మల్లమ్మ సెంటర్ దగ్గర డీటీపీ ఆయనది, పెంటియమ్ త్రీ. విండోస్ 98, పేజ్‌మేకర్, అను ఫాంట్లు. ఇరవై ఏళ్ల శుభలేఖలు, దినకర్మ కార్డులు, శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ల కరపత్రాలు అన్నీ దీంట్లోనే ఉన్నయ్.

అల్లుడు: పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో. దాని తర్వాత అడోబీ ఇంకోటి తేలేదు. ఆయన్ని యూనికోడ్‌లోకి రమ్మను.

మామ: చెప్పాను. పాత ఫైలు వేరే సిస్టమ్‌లో తెరిస్తే తెలుగు పోయి ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలిపి చల్లినట్టు వస్తుందంటాడు.

అల్లుడు: మార్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నయ్ గందా!

మామ: ఉన్నయ్. మార్చాక వత్తులూ గుణింతాలూ సరిచూసుకుంటా కూర్చునేదెవరు? పెళ్లికొడుకు ఇంటిపేరులో ఒత్తు పోతే కార్డులన్నీ వెనక్కొస్తయ్. ఆయనకి కావాల్సింది కొత్త చదువు కాదు. ఫోటో ఉన్న పేజీని ట్రేసింగ్ పేపర్ మీద ప్రింటు తీసేటప్పుడు హార్డ్‌డిస్క్ గిరగిరా తిరక్కుండా ఉంటే చాలు. ఉన్నది 128 ఎంబీ. ఆన్‌లైన్లో 256 ఎంబీ స్టిక్ ఒకటి తెప్పించుకున్నాడు. పెట్టి చూడు.

అల్లుడు పాత స్టిక్ తీసేసి కొత్తది ఒక్కటే పెట్టాడు. నల్లటి తెర మీద కిలోబైట్లలో ర్యామ్ లెక్క మొదలైంది. 262144 దాకా పోవాల్సిన అంకె 131072 దగ్గర ఆగిపోయింది.

అల్లుడు: సగమే చూపిస్తంది. మోసపోయాడు. 128ని 256 అని స్టిక్కరేసి అంటగట్టారు.

మామ: స్టిక్కర్ చూడకు, చిప్పు మీది రాత చదువు. టార్చ్ ఏటవాలుగా పట్టుకో, కనపడుద్ది.

అల్లుడు: శాంసంగ్… కే4ఎస్560832… చివర 75.

మామ: కే4ఎస్ అంటే శాంసంగ్ వాళ్ల ఎస్‌డీర్యామ్. 56 అంటే ఒక్కో చిప్పు 256 మెగాబిట్లు. 08 అంటే ఒకేసారి ఎనిమిది బిట్లు ఇస్తుంది. 75 అంటే 7.5 నానోసెకన్లు, 133 మెగాహెర్ట్జ్‌ది. 256 మెగాబిట్లంటే 32 మెగాబైట్లు. ఎన్ని చిప్పులున్నయ్?

అల్లుడు: ఒక పక్కే ఎనిమిది. వెనక ఖాళీ.

మామ: ఎనిమిది ముప్ఫైరెళ్లు 256. స్టిక్ నికార్సైనదే. మోసం చేసినవాడెవడూ లేడు. బోర్డుకే దాన్ని పూర్తిగా చదవటం రాదు. ఈ బోర్డు మీదున్నది ఇంటెల్ 440బీఎక్స్ చిప్‌సెట్, 1998ది. అప్పటికి బజార్లో నడిచేవి 64 మెగాబిట్ చిప్పులు. దీనికి 128 దాకా తెలుసు. 256 మెగాబిట్ చిప్పుకి అడ్రస్ లైను ఒకటి ఎక్కువ కావాలి. ఆ లైను ఈ బోర్డు నుంచి పోదు. ఒక లైను లేకపోతే సరిగ్గా సగం పోతుంది, కాస్త అటూ ఇటూ కాదు. మూడంకెల ఇంటి నంబర్లే చదవగలిగిన పోస్ట్‌మాన్‌కి వెయ్యో ఇల్లు కనపడనట్టే.

అల్లుడు: మరి 256 దీనికి పట్టదా?

మామ: పడుతుంది. అదే 256 పదహారు చిప్పులతో ఉన్నది తే, పక్కకెనిమిది. అప్పుడు ఒక్కో చిప్పు 128 మెగాబిట్లు, నంబర్లో 56 బదులు 28 ఉంటుంది. హ్యూండాయ్ వాళ్లదైతే హెచ్‌వై57వీ తర్వాత కూడా అదే పద్ధతి, 28 అయితే 128, 56 అయితే 256. హ్యూండాయ్ ఎలక్ట్రానిక్స్ 2001లో హైనిక్స్ అయింది. పేరు మారినా చిప్పు నంబరు వరస మారలా. ఇదిగో, మొన్న గోతంలో దొరికిన స్టిక్. రెండు పక్కలా చిప్పులే.

ఆ స్టిక్ పెడితే అంకె 262144 దాకా పోయింది. ఇక్కడ నేను ఆగి ఒక మాట చెప్పాలి. ర్యామ్ కొనేవాళ్లలో నూటికి తొంభై మంది అడిగేది "ఎంత జీబీ?" అని. కొట్టువాడు చెప్పేదీ అదే. పాత బోర్డుల దగ్గర ఆ ప్రశ్న ఒక్కటే చాలదు. అడగాల్సింది "ఎన్ని చిప్పులు, ఒక్కో చిప్పు ఎంత?" అని. మామ అల్లుడి మీద గెలిచింది ఈ ఒక్క పాయింటు మీదే. మిగతా వాటి మీద అంత తేలిగ్గా గెలవలేదు.

అల్లుడు: సరే, చిప్పుల లెక్క నీదే. అయితే ఇంకో రెండు ఇట్టాంటివే పెట్టి 768 చేస్తే ఇంకా బాగుంటుంది గందా!

మామ: విండోస్ 98లో 512 దాటావా, లేని గొడవ కొని తెచ్చుకున్నట్టే. ఫైల్ క్యాష్ అడ్రసులన్నీ మింగేసి, ఇంత ర్యామ్ పెట్టుకుని "మెమరీ చాలదు" అంటది. సిస్టమ్ డాట్ ఐఎన్ఐ తెరిచి మ్యాక్స్‌ఫైల్‌క్యాష్‌కి హద్దు రాయాలి. ఆయనకి 384 చాలు. పాత 128, ఇప్పుడు 256.

అల్లుడు: నువ్వే పెంచొద్దంటన్నావా?

మామ: ఎందుకనను? రెండోదాన్ని అసలు ముట్టుకోనే ముట్టుకోను చూడు.

రెండోది పత్తి మిల్లు కాటాది. మూత తీస్తే లోపల బూడిదరంగు దూది పొర. పెంటియమ్ ఎంఎంఎక్స్, 430టీఎక్స్ బోర్డు, 32 ఎంబీ. పక్కనే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ కేబుల్, దాని మొదట్లో సాఫ్ట్‌వేర్ వాళ్లిచ్చిన డాంగిల్, అది లేనిదే ప్రోగ్రామ్ నడవదు. లారీ కాటా ఎక్కితే బరువు సీరియల్ కేబుల్ మీద వస్తుంది, చీటీ అచ్చవుతుంది.

అల్లుడు: ఓనరు 128 వెయ్యమన్నాడు గందా. వేసి డబ్బులు తీసుకో. బేరం పోగొట్టుకుంటావేంది?

మామ: దీంట్లో నడిచేది డాస్ ప్రోగ్రామ్. డాస్ వాడుకునేది 640 కిలోబైట్లు. 32 మెగాబైట్లే దండగ దానికి. రెండోది, 430టీఎక్స్‌కి ఇంకో చమత్కారం ఉంది. బోర్డు మీద ఎల్‌2 క్యాష్ మొదటి 64 ఎంబీకే పనిచేస్తుంది. 64 దాటి ర్యామ్ పెడితే పైనున్న భాగానికి క్యాష్ ఉండదు. విండోస్ 95, 98 పైనుంచి కిందికి వాడుకుంటూ వస్తయ్. అంటే ముందు వాడేదే ఆ నిదానపు భాగం. ర్యామ్ పెంచితే సిస్టమ్ నెమ్మదిస్తుంది.

అల్లుడు: ర్యామ్ పెంచితే నెమ్మదిస్తదా? ఇది మా కాలేజీలో ఎవరూ చెప్పలేదు.

మామ: కాలేజీలో చెప్పటానికి ఈ బోర్డు వచ్చింది 1997లో. నువ్వు పుట్టావా అప్పటికి? ఈ సిస్టమ్ నెమ్మదించింది ర్యామ్ వల్ల కాదు, హార్డ్‌డిస్క్ చావుకి దగ్గరపడి. డేటా కాపీ తీసి వేరే డిస్క్ వేస్తా. ర్యామ్‌కి పైసా తీసుకోను.

అల్లుడు: ఇప్పుడు నా వంతు. కాటా గదిలో డాంగిల్ ఉన్న సిస్టమ్ ఒక్కటే. రేపు బోర్డు పోతే లారీలు గేటు బయట నిలబడతయ్. సాఫ్ట్‌వేర్ రాసినవాడి ఫోను కూడా కలవదు. నువ్వు డిస్క్ మార్చి ఇంకో సంవత్సరం సాగదీస్తన్నావు, అంతే. ఓనరుకి నువ్వు చేసేది మేలు కాదు. కొత్త కాటా సాఫ్ట్‌వేర్‌కి మారమని గట్టిగా చెప్పే మనిషి కావాలి ఆయనకి.

మామ వెంటనే జవాబు చెప్పలేదు. డాంగిల్ పీకి చేతిలో పెట్టుకుని చూశాడు.

మామ: అందులో తప్పు లేదు. సీజన్ అయ్యాక మారమని నేనే చెబుతా. పత్తి బళ్లు వచ్చే రోజుల్లో మాత్రం మార్చకూడదు.

అల్లుడు: అయితే ఒప్పుకున్నట్టేనా?

మామ: దీని మటుకు ఒప్పుకున్నా. ఏ పక్క నిలబడాలో సిస్టమ్‌ని చూసి తేల్చుకోవాలి. అన్నింటికీ ఒకే మందంటే అది వైద్యం కాదు.

కాస్త టీ అయ్యాక మాట పాత రోజుల మీదికి మళ్లింది. ఏది ఏ ర్యామో చూపుతోనే చెప్పమని మామ డబ్బాలోంచి ముక్కలు తీసి అల్లుడి ముందు పరిచాడు. వేలి పొడవున, చివర 30 పిన్నులున్న సిమ్. ఒక్కోటి ఎనిమిదే బిట్లు. అందుకని 386ఎస్‌ఎక్స్‌కి రెండేసి, 486కి నాలుగేసి పెట్టాలి, మూడు పెడితే స్టార్ట్ కాదు. దాని తర్వాతది 72 పిన్నులది, 32 బిట్లు. అది 486కి ఒకటి చాలు, పెంటియమ్‌కి జత కావాలి. చిప్పు మీద చివర 6 అనో 60 అనో ఉంటే 60 నానోసెకన్లు, 7 అయితే 70. ఆ తర్వాత 168 పిన్నుల ఎస్‌డీర్యామ్, అంచుకి రెండు గాట్లు. 184 పిన్నుల డీడీఆర్, ఒకటే గాటు, చిప్పులకి పక్కల కాళ్లు కనపడతయ్. 240 పిన్నుల డీడీఆర్ టూ, త్రీలకి కాళ్లు కనపడవు, గాటు ఉన్న చోటు ఒకదానికొకటి తేడా. బలవంతంగా నొక్కితే పట్టదు, నొక్కనే కూడదు. ఒకటి 1.8 వోల్టులది, ఇంకోటి 1.5 వోల్టులది.

అల్లుడు అన్నీ చెప్పేశాడు గానీ బంగారం పూతా, తగరం పూతా కలపకూడదన్న సంగతి మాత్రం చెప్పలేకపోయాడు. తగరం పూత సాకెట్లో బంగారం పూత సిమ్ పెడితే, కొన్నాళ్లకి ఆ రెండూ రాసుకున్న చోట తుప్పు పొర పేరుకుని కనెక్షన్ పోతుంది. బోర్డు పోయిందనుకుని పారేసిన 486లలో ఇట్టాంటివి ఎన్ని ఉన్నాయో.

అల్లుడు: ఒకటి మాత్రం నేను ఒప్పుకోను మామయ్యా. డిస్‌ప్లే రావట్లేదని ఎవరొచ్చినా నువ్వు చేసే మొదటి పని ర్యామ్ తీసి ఎరేజర్‌తో బరబరా రుద్దటం. దాని మీద బంగారం ఎంత ఉంటుందనుకున్నావు? రుద్దితే ఆ పూతే పోద్ది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తటి గుడ్డ చాలు.

మామ: బీప్ బీప్ అని కూస్తా వచ్చిన సిస్టమ్‌ల్లో సగం ఎరేజర్‌తోనే లేచినయ్.

అల్లుడు: లేచినయ్. ఆరు నెలలకి మళ్లీ వచ్చినయ్ కూడా. ఇంక్ చెరిపే గరుకు రబ్బరుతో రుద్దావు, రబ్బరు పొడి స్లాట్‌లోనే వదిలేశావు. ఇంకోటి, రెంటచింతల ఎండలు ఇక్కడికెంత దూరం? ఏప్రిల్ నెలలో గాలిలో తేమ ఉండదు. పాలిస్టర్ చొక్కా వేసుకుని చిప్పుల మీద వేలు పెడతావు. స్టాటిక్‌కి చిప్పు చస్తే అది కంటికి కనపడదు. తర్వాత ఎప్పుడో బ్లూ స్క్రీన్ వస్తే విండోస్‌ని తిడతావు.

మామ: క్యాబినెట్ ఇనుము పట్టుకునే ముట్టుకుంటా.

అల్లుడు: ప్రతిసారీనా?

మామ ఆ ప్రశ్నకి జవాబు ఎగ్గొట్టాడని నా అనుమానం. వెంటనే మూడోదాన్ని ముందుకు లాగాడు.

మూడోది జిరాక్స్ కొట్టుది. జీ41 బోర్డు, కోర్ టూ డుయో, డీడీఆర్ త్రీ 2 జీబీ. మన ఊళ్లలో జీ31, జీ41 బోర్డులు లేని కొట్టు లేదనుకోవచ్చు, అంతగా పాతుకుపోయినయ్. ఓనరు 8 జీబీ కావాలన్నాడు. అల్లుడే గుంటూరు నుంచి కొత్త 4 జీబీ స్టిక్‌లు రెండు తెచ్చాడు. పెడితే డిస్‌ప్లే రాలేదు.

మామ: లేబుల్ చదువు.

అల్లుడు: 4 జీబీ, 1ఆర్×8, పీసీ3-12800యూ.

మామ: అదే కథ రా. 1ఆర్×8 అంటే ఎనిమిది చిప్పులే, ఒక్కోటి 4 గిగాబిట్లు. జీ41కి 2 గిగాబిట్ల దాకే తెలుసు. 2ఆర్×8 అని ఉన్నది కావాలి, పదహారు చిప్పులది. శాంసంగ్ చిప్పు మీద చూస్తే కే4బీ2జీ0846 అనో, కే4బీ4జీ0846 అనో ఉంటుంది. మధ్యలో 2జీ ఉన్నది దీనికి, 4జీ ఉన్నది హెచ్61 లాంటి తర్వాతి బోర్డులకి. 1998లో బీఎక్స్ ఎట్టా తడబడిందో పదేళ్ల తర్వాతొచ్చిన జీ41 కూడా అట్టాగే తడబడింది.

అల్లుడు: జీ31లో డీడీఆర్ టూ 4 జీబీ స్టిక్ చవగ్గా దొరికితే కూడా ఇంతేనా?

మామ: అది ఇంకా ఘోరం. చవగ్గా వచ్చేవి ఏఎండీ బోర్డులకే పనిచేస్తయ్. చిన్న అక్షరాలతో రాస్తారు, ఎవరూ చదవరు. జీ31కి మొత్తం 4 జీబీయే హద్దు, 2 జీబీలు రెండు పెట్టుకోవాలి. దాని మీద 32 బిట్ల విండోస్ ఉంటే అందులోనూ 3.25 చూపిస్తుంది. మిగతా అడ్రసులు గ్రాఫిక్సూ, మిగతా కార్డులూ తీసుకుంటయ్. దొంగ ర్యామ్ అని నాతో గొడవేసుకున్నవాళ్లున్నారు. ఇంకో సంగతి, లేబుల్లో చివర యూ బదులు ఆర్ ఉంటే సర్వర్‌ది. ఎంత చవగ్గా వచ్చినా మనకి పనికిరాదు.

అల్లుడు: ఇంతసేపూ చిప్పులు లెక్కపెట్టావు. ఇప్పుడు నేను డబ్బులు లెక్కపెడతా. ఈ జిరాక్స్ కొట్టులో చేసేది ఆన్‌లైన్ అప్లికేషన్లు. జనం ఆధార్ నంబర్లు, బ్యాంకు ఓటీపీలు ఈ సిస్టమ్‌లోనే కొడతారు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11కి ఈ ప్రాసెసర్ పనికిరాదు. దొడ్డిదారిన ఎక్కిద్దామన్నా 24హెచ్2 వెర్షన్ నుంచి బూట్ కూడా కాదు, దానికి కావాల్సిన ఇన్‌స్ట్రక్షన్ కోర్ టూలో లేనే లేదు. నువ్వు పదహారు చిప్పుల స్టిక్‌లు ఎక్కడెక్కడో వెతికి 8 జీబీ చేసినా, తాళం లేని ఇంటికి రంగులేసినట్టే.

మామ: లైనక్స్ వేస్తా.

అల్లుడు: వెయ్యి. వేలిముద్ర మెషిన్ డ్రైవరు పనిచేస్తదా? ప్రింటరు పనిచేస్తదా? చూసి చెప్పు. పనిచేస్తే 4 జీబీ చాలు, మిగిలిన డబ్బుతో ఎస్‌ఎస్‌డీ వెయ్యి. ఈ బోర్డులో సాటా ఉంది. ర్యామ్ 4 నుంచి 8 చేస్తే వచ్చే తేడా కన్నా అది పదింతలు కనపడుద్ది.

మామ: నీ కొట్టులో కొత్త ర్యామ్ ధర ఎంతో అది కూడా చెప్పు మరి. 2025 చివరికల్లా ఏఐ డేటా సెంటర్లు చిప్పులన్నీ ఎత్తుకుపోయి ర్యామ్ ధరలకి రెక్కలొచ్చినయ్. మామూలు జనానికి క్రూషియల్ పేరుతో అమ్మే వ్యాపారం ఆపేస్తన్నామని డిసెంబర్‌లో మైక్రానే చెప్పింది. కొత్త సిస్టమ్ కొనమని నువ్వు చెప్పటం తేలికే. జిరాక్స్ కొట్టువాడికి రూపాయి రూపాయి జిరాక్స్ తీస్తే వచ్చే డబ్బు అది.

అల్లుడు: అందుకే కొత్తది కొనమన్లేదు. ఆఫీసులు మార్చి పడేసే పాతవి దొరుకుతున్నయ్. విండోస్ 11కి పనికొచ్చే ప్రాసెసర్ ఉన్నది చూసుకుని అలాంటిది ఒకటి కొంటే సరి. జనం వివరాలు కొట్టే సిస్టమ్ ఒక్కటి దానికి మార్చు. జీ41ని జిరాక్స్ ప్రింట్లకి, నెట్ తీసేసి వాడుకోమను.

మామ: ఆ జీ41కి 4 జీబీ?

అల్లుడు: పదహారు చిప్పులది ఒకటి. నీ గోతంలోంచి.

మామ: అది పెట్టి, ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్ ప్రోగ్రామ్ రాత్రంతా తిప్పి ఇస్తా. పాత స్టిక్‌ని తిప్పకుండా ఇస్తే మెకానిక్ చేసిన పనికి పూచీ లేదు.

ఇద్దరూ ఒప్పుకోని విషయం ఒకటి మిగిలింది: పనికిరాని బోర్డులు. మామ వాటిని బండివాడికే ఇస్తాడు. బండివాడి దగ్గర్నుంచి అవి ఎవరి చేతికిపోయినా, బంగారం కోసం యాసిడ్‌లో ఉడికించే చోటికి చేరే ప్రమాదం ఉందని అల్లుడి వాదన. రిజిస్టర్ అయిన రీసైక్లర్‌కే ఇవ్వాలంటాడు. ఊళ్లో వాళ్లెక్కడున్నారో చూపించమంటాడు మామ. ఈ వాదనలో నేను అల్లుడి పక్షం. అయితే మామ అడిగింది కూడా న్యాయమైన ప్రశ్నే, దానికి జవాబు చెప్పాల్సింది మునిసిపాలిటీ.

పాత సిస్టమ్‌కి ర్యామ్ కొనబోయేవాళ్లు బోర్డు మీద అచ్చైన మోడల్ నంబరు, పాత స్టిక్ లేబులు, దాని చిప్పు మీది నంబరు ఫోన్లో ఫోటో తీసుకుని కొట్టుకెళ్లండి. జీబీతో పాటు చిప్పులెన్నో అడగండి. సరిపోకపోతే వెనక్కి తీసుకుంటామని బిల్లు మీద రాయించుకోండి.